జాగ్రత్త: "80 శాతం పని అయిపోయింది" అనే కిట్ కారుకి అడ్వాన్స్ ఇచ్చే ముందు

కిట్ కారు అంటే కంపెనీ అమ్మే బాడీ లాంటి భాగాల సెట్టుకి ఒక పాత కారు పార్టులు కలిపి సొంతంగా కట్టుకునే బండి. ఆ పాత కారునే డోనర్ అంటారు. సగంలో ఆగిపోయిన కిట్ కారు అమ్మకానికి వచ్చినప్పుడు ప్రకటన దాదాపు ఒకేలా ఉంటుంది. డోనర్ కారు పార్టులన్నీ ఉన్నాయి, ఇంజన్ ఎక్కించేశాం, 80 శాతం పని అయిపోయింది, తీరిక లేక అమ్ముతున్నాం అంటారు. ఫోటోలో నాలుగు చక్రాల మీద నిలబడ్డ బండి, మెరిసే ఫైబర్ బాడీ. కొన్నాక బయటపడేది వేరు. డోనర్ కారు ఎప్పుడో తుక్కుకి వెళ్లిపోయింది, దాని రిజిస్ట్రేషన్ రద్దయిపోయింది, ఛాసిస్ నంబరు కొట్టిన ముక్క కూడా దాంతోనే పోయింది. మిగిలిన పనంతా చేసి బండి స్టార్ట్ చేసినా అది రోడ్డెక్కదు. ఇలా దెబ్బతిన్నవాళ్లందరూ పని రానివాళ్లు కాదు, ఇంజన్ విప్పి బిగించగలిగినవాళ్లూ ఉన్నారు. వాళ్లు ముందు ఇనుము చూశారు, కాగితాల సంగతి తర్వాత చూద్దాం అనుకున్నారు. అందుకే ఈ హెచ్చరిక: చూడాల్సిన వరస అది కాదు. కాగితాలు ముందు, ఇనుము తర్వాత, అట్టపెట్టెల్లో ఉన్న సామాను ఆ తర్వాత.

డోనర్ మీద కట్టిన బండికి రెండు గుర్తింపులు ఉంటాయి. డోనర్ కారు రిజిస్ట్రేషన్ పత్రం ఒకటి, కిట్ తయారుచేసిన కంపెనీ ఇచ్చిన బిల్లు లేదా తయారీ పత్రం ఇంకొకటి. రెండూ అమ్మేవాడి పేరునే ఉండాలి, వాటి మీది నంబర్లు బండి మీది నంబర్లతో కలవాలి. డోనర్ పత్రం ఇంకా పాత యజమాని పేరునే ఉండి, చేతులు మారినట్టు ఒక చీటీ మాత్రమే ఉంటే, రేపు ఆ పాత యజమానిని వెతికి సంతకం పెట్టించుకోవాల్సింది మీరే. డోనర్ మీద అప్పు తీరిందా, ఇన్సూరెన్స్ వాళ్లు దాన్ని పనికిరాని బండిగా రాసేశారా అన్నది డబ్బు ఇవ్వకముందే కనుక్కోవాలి. ఒక్కసారి తుక్కుగా నమోదైతే చాలాచోట్ల ఆ గుర్తింపు మళ్లీ బతకదు.

ఏ నంబరు ఎక్కడ ఉండాలన్నది డోనర్‌ని బట్టి, కిట్‌ని బట్టి మారుతుంది. ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ మీద కట్టే బగ్గీలో (పైకప్పు లేని చిన్న బండి) డోనర్ అడుగుభాగమే ఛాసిస్, పైన ఫైబర్ బాడీ కూర్చుంటుంది. దాని నంబరు వెనక సీటు కింద, మధ్యలో పొడుగ్గా వచ్చే టన్నెల్ మీద కొట్టి ఉంటుంది. టార్చ్ వేసి, వైర్ బ్రష్‌తో దుమ్ము దులిపి చదవండి. అక్షరాల చుట్టూ గ్రైండర్ గీతలున్నా, నంబరున్న ముక్క చుట్టూ వెల్డింగ్ గీత కనిపించినా, రంగు అక్కడ మాత్రమే మందంగా ఉన్నా అక్కడితో ఆపేయండి. నంబరున్న ముక్కని కోసి ఇంకో దాని మీద అతికించడం మామూలు మరమ్మతు కాదు, నేరం కిందకి వస్తుంది. లోటస్ సెవెన్ (తేలికైన రెండు సీట్ల స్పోర్ట్స్ కారు) తరహా బండ్లలో కొత్త పైపుల ఛాసిస్ ఉంటుంది. డోనర్ నుంచి ఇంజను, గేర్‌బాక్సు, యాక్సిళ్లు మాత్రమే వస్తాయి. అక్కడ డోనర్ నంబరు దానంతటది కొత్త బండికి రాదు. బ్రిటన్‌లో ఇలాంటి ఒక్కొక్క బండినీ ఐవీఏ అనే పరీక్షకి పంపాకే రోడ్డు మీదికి అనుమతిస్తారు. వయసు, గుర్తింపు తేల్చలేని బండికి క్యూ అక్షరంతో మొదలయ్యే నంబరు ఇస్తారు, అమ్మేటప్పుడు దాని ధర పడిపోతుంది. అమెరికాలో రాష్ట్రానికో పద్ధతి. మీరు ఉన్నచోట పద్ధతేమిటో రిజిస్ట్రేషన్ ఆఫీసులో అడిగి, ఏ కాగితాలు కావాలో రాసుకుని, ఆ చీటీ చేత్తో పట్టుకుని బండి చూడటానికి వెళ్లండి. ఏ దశలో ఏం బిగించారో చూపించే ఫోటోలు, ప్రతి పార్టుకీ తేదీ ఉన్న బిల్లు కూడా అడగండి. చాలా దేశాల్లో తనిఖీ చేసేవాళ్లు వాటిని చూస్తారు, అవి తర్వాత పుట్టించగలిగేవి కావు.

కాగితాలు సరిపోతే ఛాసిస్ దగ్గరికి రండి. పౌడర్ కోటింగ్ నిగనిగలాడితే పని బాగుందనుకోవద్దు. వెల్డింగ్ లోపాల్ని దాచేది ఆ పూతే. పైపులు కలిసే మూలల్లో టార్చ్‌ని పక్కనుంచి ఏటవాలుగా వేసి చూడండి. పూర్తి వెల్డింగ్ అయితే చేప పొలుసుల్లా వరసగా, తెంపు లేకుండా కనిపిస్తుంది. ట్యాక్ (అక్కడక్కడా బొట్లుగా వేసే తాత్కాలిక వెల్డింగ్) వేసి వదిలేసిన చోట గుండ్రటి బొట్లు, బొట్టుకీ బొట్టుకీ మధ్య సన్నటి గీత కనిపిస్తాయి. సస్పెన్షన్ చేతులు పట్టుకునే బ్రాకెట్లు, సీటు బెల్టు బిగించే చోట్లు తప్పకుండా ఇలా చూడాలి. తాత్కాలికంగా ట్యాక్ వేసి, తర్వాత చేద్దామనుకుని, మరిచిపోయి పైన రంగు కొట్టించేయడం సగంలో ఆగిన బండ్లలో చాలా మామూలు. గ్రైండర్‌తో చదును చేసిన వెల్డింగ్‌ని అసలు నమ్మొద్దు, బలాన్నిచ్చే లోహాన్నే అరగదీశారన్నమాట. తర్వాత టేపుతో కొలవండి: ముందు ఎడమ సస్పెన్షన్ బోల్టు నుంచి వెనక కుడి బోల్టుకి, ముందు కుడి నుంచి వెనక ఎడమకి. రెండు కొలతల మధ్య తేడా 3 మిల్లీమీటర్లు దాటితే ఛాసిస్ వెల్డింగ్‌లో వంగింది. చక్రాల అలైన్‌మెంట్‌తో అది పోదు.

బీటిల్ బగ్గీకి ఇంకో ప్రమాదం ఉంది. చాలా బాడీలకి అడుగుభాగాన్ని సుమారు 36 సెంటీమీటర్లు కోసి, దగ్గరికి జరిపి అతకాలి. 1964లో అమెరికాలో బ్రూస్ మేయర్స్ తొలి మ్యాంక్స్ బగ్గీ కట్టిన తర్వాత వచ్చిన బాడీల్లో ఎక్కువ ఈ పొట్టి కొలతకే చేసినవి. అతుకు టన్నెల్‌కి అడ్డంగా పడుతుంది. ఆ టన్నెల్ లోపలే గేరు రాడ్డు, క్లచ్ కేబుల్ గొట్టం, యాక్సిలరేటర్ కేబుల్ గొట్టం, పెట్రోల్ పైపు పోతాయి. పైన వెల్డింగ్ చక్కగా ఉన్నా లోపల క్లచ్ గొట్టం తెగి వదులుగా ఊగితే పెడల్ తొక్కినప్పుడల్లా కేబుల్ వంకర తిరుగుతుంది, మళ్లీ టన్నెల్ కోయాల్సిందే. గేరు రాడ్డుని పొట్టి చేసేటప్పుడు కాస్త మెలి తిరిగి అతికినా రివర్స్ పడదు, లేదా రెండో గేరు పడదు. అమ్మేవాడి ముందే నాలుగు గేర్లూ, రివర్సూ వేసి చూడండి. బ్యాటరీ కూర్చునే మూలలో, వెనక సీటు కింద కుడివైపు, రేకు కాస్త స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి. యాసిడ్ పడి తుప్పు పట్టేది ముందు అక్కడే.

ఇక బ్రేకులు. ఇక్కడ తొందరపడొద్దు. సగం బండిలో డోనర్ బ్రేకులు ఒక కొలతలో, కిట్‌తో వచ్చిన లేదా విడిగా కొన్న మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే బ్రేక్ ఆయిల్‌ని నెట్టేది) ఇంకో కొలతలో ఉంటాయి. జపాన్, యూరప్ డోనర్లలో పైపు నట్టు సాధారణంగా ఎం10 (10 మిల్లీమీటర్ల మర), ఒక మిల్లీమీటర్ పిచ్, అంటే మరకీ మరకీ మధ్య దూరం. అమెరికన్, పాత బ్రిటిష్ పార్టుల్లో 3/8 అంగుళం, అంగుళానికి 24 మరలు. 3/8 అంటే 9.5 మిల్లీమీటర్లు, పిచ్ 1.06. చేతిలో పట్టుకుంటే రెండూ ఒకటే అనిపిస్తాయి. 3/8 నట్టు ఎం10 రంధ్రంలోకి హాయిగా ఎక్కుతుంది, పానాతో బిగిస్తే బిగిసినట్టే ఉంటుంది. కానీ మరలు పట్టుకున్నది అంచుల్లోనే. నిలబడి ఉన్న బండిలో చుక్క కూడా కారదు. గట్టిగా బ్రేక్ తొక్కిన రోజున ఒత్తిడికి మరలు ఊడి నట్టు బయటికి వచ్చేస్తుంది. చూసే పద్ధతి ఇదీ: నట్టు విప్పించి, వేళ్లతోనే నాలుగైదు చుట్లు ఎక్కించండి. సరైన జత ఊగకుండా, పట్టకుండా సాఫీగా వెళ్తుంది. అటూ ఇటూ ఊగితే 3/8 నట్టు ఎం10లో ఉన్నట్టు. ఒకటి రెండు చుట్లకే బిగుసుకుపోతే ఎం10 నట్టు 3/8 రంధ్రంలో ఉన్నట్టు.

పైపు చివర విప్పారిన ఆకారం కూడా చూడాలి. జపాన్, అమెరికా బండ్లలో రెండు మడతలు వేసిన గరాటు ఆకారం, యూరప్ బండ్లలో ఎక్కువగా బుడగ ఆకారం. ఒకదాని సీటులో ఇంకొకటి బిగిస్తే కారుతుంది. కారుతోందని ఇంకా బిగిస్తే పైపు చివర చీలుతుంది. ఏళ్ల తరబడి ఖాళీగా ఉన్న క్యాలిపర్లలో (బ్రేక్ డిస్కుని నొక్కి పట్టేవి) పిస్టన్లు తుప్పుతో పట్టేస్తాయి, రబ్బరు సీళ్లు గట్టిపడతాయి. "బ్రేకులన్నీ కొత్తవే" అన్న మాటకి బిల్లు మీది తేదీ చూడండి. ఏడేళ్ల కిందట కొని డబ్బాలో ఉంచినదాన్ని కొత్తది అనలేం. టైర్లదీ అంతే, పక్కన ఉన్న నాలుగంకెలు చదవండి: 2314 అంటే 2014లో 23వ వారం.

ఇంజన్ దగ్గర "డోనర్‌లో ఉన్నప్పుడు బాగా నడిచింది" అన్న మాటని లెక్కలోకి తీసుకోవద్దు. స్పార్క్ ప్లగ్గులు తీసి, క్రాంక్ బోల్టుకి పానా వేసి రెండు పూర్తి చుట్లు తిప్పండి. ఎక్కడైనా పట్టేస్తే బలవంతం చేయొద్దు, సిలిండర్‌లో తుప్పు పట్టి ఉండొచ్చు. డోనర్ మాజ్డా ఎంఎక్స్-5 అయితే ఒకటి గమనించండి. 1989 నుంచి 1991 మొదటి నెలల దాకా వచ్చిన 1.6 ఇంజన్లలో క్రాంక్ ముక్కు పొట్టిది, పుల్లీ కీ కూర్చునే గాడి అరిగిపోయే జబ్బు దానికి ఉంది. ముందునుంచి చూస్తే పుల్లీ మధ్య భాగంలో నాలుగు గాళ్లుంటే పొట్టి ముక్కుది, ఎనిమిదుంటే కంపెనీ తర్వాత మార్చిన పొడుగు ముక్కుది. నాలుగు గాళ్లదైతే బోల్టు విప్పి కీ గాడి చూడనిదే బేరం మాట్లాడొద్దు.

పోయిన పార్టుల సంగతి ఇంకా ముఖ్యం. పెట్టుబడి రాబట్టుకోవడానికి డోనర్‌లో అక్కర్లేనివన్నీ అమ్మడం సహజం, అందులో తప్పులేదు. కానీ ఆ సామానుతో కావాల్సినవీ పోతాయి. ఇమ్మొబిలైజర్ (దొంగతనం జరగకుండా ఇంజన్‌ని ఆపే ఏర్పాటు) ఉన్న డోనర్‌లో తాళంచెవిలోని చిప్, ఈసీయూ (ఇంజన్‌ని నడిపించే కంప్యూటర్) ఒకదానికొకటి జతకట్టినవి, చిప్‌ని చదివేది స్టీరింగ్ కాలమ్ మీది రింగు. చిప్ గానీ ఈసీయూ గానీ వేరే బండిదైనా, రింగు లేకపోయినా ఇమ్మొబిలైజర్ ఇంజన్‌ని నడవనివ్వదు. గాలి కొలిచే సెన్సార్, ఆల్టర్నేటర్ బ్రాకెట్లు, హ్యాండ్‌బ్రేక్ కేబుళ్లు, పెడల్ బాక్స్, వైపర్ మోటారు, స్పీడోమీటర్ సెన్సార్ కూడా ఇలా మాయమయ్యేవే. వైరింగ్ కనెక్టర్ల దగ్గర విప్పారా, కట్టర్‌తో కోశారా చూడండి. కోసి, పేర్లు రాయకుండా మూటగట్టిన వైరింగ్‌ని లేనిదాని కిందే లెక్కేయండి. ఒక్కో వైరు ఎక్కడిదో వెతుక్కోవడం కంటే కొత్తది అల్లుకోవడం నయం. స్టీరింగ్ కాలమ్‌ని మధ్యలో కోసి అతికి ఉంటే దాన్ని పూర్తిగా మార్చాలి. మిల్లీమీటర్ కొలతల సస్పెన్షన్ బోల్టుల తల మీద బలాన్ని చెప్పే అంకె 8.8 గానీ అంతకంటే ఎక్కువ గానీ లేకపోతే అవీ మార్చాలి. నైలాక్ నట్టు (ఊడకుండా లోపల నైలాన్ రింగు ఉండేది) దాటి కనీసం ఒక పూర్తి మర బయటికి కనిపించాలి.

ఫైబర్ బాడీలో సాలెగూడులా సన్నటి పగుళ్లుంటే వెనకవైపు చెయ్యి పెట్టి తడమండి. పైపూత మాత్రమే పగిలితే పరవాలేదు, లోపల పొర మెత్తగా అనిపిస్తే అక్కడ దెబ్బ తగిలింది. కిట్ కంపెనీ మూతపడి ఉంటే ముందు అద్దం ఏ బండిదో తెలుసుకోండి, అది దొరక్కపోతే బాడీ ఎంత బాగున్నా లాభం లేదు.

ధర దగ్గర అమ్మేవాడు బిల్లులన్నీ కూడి చూపిస్తాడు. ఆ లెక్క ఒప్పుకోవద్దు. ఛాసిస్, బాడీ, వాడదగ్గ డోనర్ పార్టులు ఇప్పుడు విడివిడిగా ఎంతకి పోతాయో చూసి, అందులోంచి మీరు మళ్లీ కొనాల్సినవీ, విప్పి మళ్లీ చేయాల్సినవీ తీసేయండి. చూడటానికి పెద్ద పని ఛాసిస్ మీద ఇంజన్ ఎక్కించడమే. కాలాన్ని తినేవి మాత్రం వైరింగ్, అద్దాలు, తలుపుల సందులు, తనిఖీ. ఇవన్నీ ఆ మిగిలిన "20 శాతం"లోనే ఉన్నాయి.

"కాగితం తర్వాత పంపిస్తా" అంటే ముందు అడ్వాన్స్ ఇవ్వొద్దు. పెట్టెలన్నీ నేల మీద పరిపించి, ఒక్కొక్క పార్టూ పేరుతో రాసి, ఫోటో తీసి, ఇద్దరూ సంతకాలు చేయండి. కాగితాలూ, డబ్బూ ఒకేసారి చేతులు మారాలి. నిజాయితీగా అమ్మేవాళ్లకి దీనివల్ల ఇబ్బంది ఏమీ ఉండదు. అలాంటివాళ్లు డోనర్‌ని తుక్కుకి వేయకముందే పత్రాలు తేల్చుకుంటారు, నట్లూ బోల్టులూ పార్టు పేరు రాసిన సంచుల్లో వేస్తారు.

బండి తెచ్చుకునేటప్పుడు కూడా ఒక జాగ్రత్త ఉంది. ట్రైలర్ మీద తాళ్లు సస్పెన్షన్ చేతులకి కట్టొద్దు, ట్యాక్ మీద నిలబడ్డ బ్రాకెట్ దారిలోనే ఊడిపోతుంది. ఛాసిస్ ప్రధాన పైపులకి గానీ, చక్రాల మీదుగా గానీ కట్టండి. చక్రాల నట్లు మీ చేత్తో ఒకసారి బిగించుకోండి. బాడీని ఛాసిస్‌కి బిగించారో, ఊరికే పైన కూర్చోబెట్టారో అడిగి తెలుసుకోండి. ఊరికే కూర్చోబెట్టినదైతే గాలికి లేచిపోతుంది, దాన్ని విడిగా దించి, కింద దన్ను పెట్టి తెచ్చుకోవాలి.