కడపలో ‘జర్మనీ లైసెన్సు ఎక్స్ఛేంజ్’ అని డబ్బు కట్టబోతున్నారా? ఒక్క నిమిషం ఆగండి

ఆ కన్సల్టెన్సీ ఆఫీసు పేరు రాయను. కడపలో పిల్లల్ని జర్మనీకో ఐర్లాండ్‌కో పంపినోళ్లకు నేను ఎవరి గురించి చెబుతున్నానో ఈపాటికే అర్థమై ఉంటుంది. వీసా ఫైలుతో పాటు ‘ఇండియా లైసెన్సును జర్మనీ లైసెన్సుగా మార్చే ప్యాకేజీ’ అని 24,500 తీసుకున్నారు. మా తమ్ముడు అక్టోబర్‌లో విమానం ఎక్కినాడు. పదేళ్లు చెల్లుతుందని ఒక ప్లాస్టిక్ కార్డు చేతిలో పెట్టినారు. ఒరిజినల్ లైసెన్సు మాత్రం ‘ఎంబసీ వెరిఫికేషన్’ అని చెప్పి వాళ్ల దగ్గరే ఉంచుకున్నారు. అక్కడి లైసెన్సు ఆఫీసులో ఆ కార్డును ఒక్క చూపు చూసి పక్కన పెట్టేసినారంట. ఒరిజినల్ అడిగినారు. వాడి దగ్గర లేదు.

నిన్న సాయంత్రం ఆ ఆఫీసుకు పోయి అడిగినాను. మనిషి కనీసం లేచి నిలబడలేదు. నా చేతిలో రసీదు తీసుకుని, పెన్నుతో ఒక పదం కింద గీత గీసి నా వైపు తిప్పినాడు. “అన్నా, ఇక్కడ ఏముంది చూడు. కన్సల్టేషన్ చార్జీ. లైసెన్సు ఇస్తామని యాడ రాసినాం?” ఒరిజినల్ అన్నా ఇవ్వమంటే, కొరియర్, ప్రాసెసింగ్ కలిపి ఇంకో 3,000 కట్టమన్నాడు. మా వస్తువు మాకు ఇవ్వడానికి 3,000. డబ్బు కట్టిన రోజు ఇదే మనిషి టీ తెప్పించి, “మీ తమ్ముడు నాకూ తమ్ముడే” అన్నాడు. డబ్బు పోయిన బాధ కంటే ఆ పెన్ను గీత ఇంకా కళ్ల ముందు నుంచి పోలేదు.

తప్పు నాది కూడా. రసీదు చదవకుండా జేబులో పెట్టుకున్నాను. ఒరిజినల్ కార్డు చేతులారా ఇచ్చినాను. మీరు ఆ రెండూ చేయొద్దు.

అసలు సంగతి చెబుతా వినండి. మన ఇండియా లైసెన్సును జర్మనీలో నేరుగా మార్చి ఇవ్వరు. పరీక్ష లేకుండా మార్చే దేశాల పట్టిక ఒకటి వాళ్ల చట్టంలో ఉంది. అందులో ఇండియా లేదు. కడపలో ఎవరికి ఎంత కట్టినా ఆ పట్టిక మారదు. కాబట్టి ‘ఎక్స్ఛేంజ్ ప్యాకేజీ’ అని ఎవరైనా అన్నారంటే, లేని సరుకు అమ్ముతున్నట్టే.

ఇక ఆ ప్లాస్టిక్ కార్డు. ముందు వైపు భూగోళం బొమ్మ, మెరిసే హోలోగ్రామ్, ఇంగ్లీషులో పెద్ద అక్షరాలు. ఇచ్చిన ప్రభుత్వం పేరు ఎక్కడా లేదు. వెనక్కి తిప్పితే, కళ్లు చిట్లించి చదివితే గానీ కనపడనంత చిన్న అక్షరాల్లో, ఇది లైసెన్సుకు అనువాదం మాత్రమే అని వాళ్లే రాసుకున్నారు. మనకు ‘ఇంటర్నేషనల్ లైసెన్సు’ అని అమ్మినారు, కార్డు మీద మాత్రం జాగ్రత్తగా వేరే మాట వేసుకున్నారు.

నిజమైన ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ ఎలా ఉంటుందో తెలిస్తే ఎవరూ మోసపోరు. అది చిన్న పుస్తకం, ప్లాస్టిక్ కార్డు కాదు. ఆర్టీవో ఆఫీసులో ఇస్తారు, ఫీజు 1,000 రూపాయలు, పైన కొద్దిగా సర్వీస్ చార్జీ. కేంద్ర రవాణా శాఖ వాళ్ల పరివాహన్ సైటులో, లైసెన్సు పనులు చూసే సారథి పేజీ తెరిచి, ఆంధ్రప్రదేశ్ ఎంచుకుని, లైసెన్సు నంబరు, పుట్టిన తేదీ కొట్టి, సేవల్లో ఇంటర్నేషనల్ పర్మిట్ పెట్టుకోవాలి. ఫారం 4ఏ నింపాలి. పాస్‌పోర్టు, వీసా కాపీలు, డాక్టరు సంతకం చేసిన ఫారం 1ఏ, ఫొటోలు దగ్గర పెట్టుకోండి. చెల్లేది 1 ఏడాది మాత్రమే, ఆ లోపల లైసెన్సు గడువు ముగిస్తే అదీ అక్కడితో ముగుస్తుంది. 2022 ఆగస్టులో కేంద్రం దేశమంతటికీ ఒకే నమూనా తెచ్చింది, క్యూఆర్ కోడ్ కూడా ఉంటుంది. మూడేళ్లు, ఐదేళ్లు, పదేళ్లు అని ఎవరన్నా చెబితే అక్కడే లేచి వచ్చేయండి. ఈ పర్మిట్ కూడా లైసెన్సుకు తోడుగా చూపించేదే. ఒరిజినల్ లేకుండా ఒంటరిగా దానికి విలువ లేదు, దాన్ని ఇచ్చి వేరే దేశం లైసెన్సు తీసుకోవడమూ కుదరదు.

జర్మనీలో నివాసం ఏర్పడిన రోజు నుంచి 6 నెలల వరకు మన లైసెన్సుతో నడపొచ్చు, జర్మన్ అనువాదం దగ్గర ఉండాలి. ఆ అనువాదం ఏడీఏసీ అనే జర్మనీ వాహనదారుల సంఘం చేస్తుంది, లేదా కోర్టులో ప్రమాణం చేసిన అనువాదకులు చేస్తారు. 6 నెలలు దాటిన మర్నాటి నుంచి స్టీరింగ్ పట్టుకుంటే చలానాతో పోయేది కాదు, లైసెన్సు లేకుండా నడిపిన క్రిమినల్ కేసు. ఏడాది వరకు జైలు లేదా జరిమానా అని చట్టంలోనే ఉంది. వీసా పొడిగింపు కోసం తిరిగే పిల్లవాడి మీద అలాంటి కేసు పడితే ఏమవుతుందో ఆలోచించండి. ‘పదేళ్ల కార్డు ఉంది కదా’ అనే ధైర్యంతో వాడు నడిపి ఉంటే? రాత్రి నిద్ర పట్టనిది దానికే. దేవుడి దయ, నడపలేదు.

గడువు దాటితే నడిపే హక్కు పోతుంది గానీ, దరఖాస్తు పెట్టుకునే దారి మూసుకుపోదు. అసలు దారి ఇదీ. జర్మనీలో ఉండే ఊరి లైసెన్సు ఆఫీసులో, వాళ్ల మాటలో ఫ్యూరర్‌షైన్‌స్టెల్లెలో, దరఖాస్తు పెట్టాలి. పాస్‌పోర్టు, ఇంటి నమోదు కాగితం, బయోమెట్రిక్ ఫొటో, ఒరిజినల్ లైసెన్సు, దాని అనువాదం కావాలి. కళ్ల పరీక్ష కళ్లద్దాల షాపులోనే చేస్తారు, పది యూరోల లోపే అయిపోతుంది. ప్రథమ చికిత్స కోర్సు 9 క్లాసులు, ఒక్కోటి 45 నిమిషాలు, ఒక్క రోజులో ముగించొచ్చు. అనుమతి వచ్చాక థియరీ, ఆ తర్వాత రోడ్డు పరీక్ష. మనకున్న సౌకర్యం ఒక్కటే: కొత్తగా నేర్చుకునే వాళ్లకున్నట్టు ఇన్ని క్లాసులు తప్పనిసరి అనే నిబంధన మనకు లేదు. అయినా రోడ్డు పరీక్షకు డ్రైవింగ్ స్కూలు కారు, పక్కన వాళ్ల టీచరు ఉండాల్సిందే. కాబట్టి స్కూల్లో చేరక తప్పదు.

థియరీలో 30 ప్రశ్నలు, ఇంగ్లీషులో రాయొచ్చు. తప్పులకు పాయింట్లు పడతాయి, 10 దాటితే ఫెయిల్. 5 పాయింట్ల ప్రశ్నలు రెండు తప్పినా ఫెయిలే. థియరీ పాసైన 12 నెలల్లో రోడ్డు పరీక్ష ముగించాలి. రోడ్డు పరీక్ష మొత్తం 55 నిమిషాలు. మనవాళ్లు పదేళ్ల అనుభవంతో పోయి కూడా ఇక్కడ దెబ్బ తింటారు. బోర్డు లేని కూడలిలో కుడి వైపు నుంచి వచ్చే బండికి దారి ఇవ్వాలి, మనకు ఆ అలవాటు లేదు. మలుపు తిరిగే ముందు అద్దం చూస్తే సరిపోదు, తల తిప్పి భుజం మీదుగా వెనక్కి చూడాలి. అది పరీక్షకుడికి కనపడాలి. కుడికి తిరిగేటప్పుడు పక్కన వచ్చే సైకిలుకు ఆగకపోతే పరీక్ష అక్కడితో ఆపేస్తారు. 30 కిలోమీటర్ల వీధిలో వేగం బాగా దాటినా అంతే. నాలుగైదు క్లాసులు డబ్బిచ్చి తీసుకోవడమే మంచిది, ఫెయిలైతే ఫీజు మళ్లీ కట్టాలి.

ఒరిజినల్ గురించి ఎందుకు ఇంత గొడవ పెడుతున్నానంటే, చివర్లో జర్మనీ లైసెన్సు చేతికి ఇచ్చేటప్పుడు మన ఇండియా లైసెన్సు కార్డు తీసేసుకుంటారు. కార్డు లేకపోతే పని అక్కడే ఆగుతుంది. డిజిలాకర్ ప్రింటు మీద నమ్మకం పెట్టుకుని పంపొద్దు.

ఇంకో మాట కూడా ఆ ఆఫీసు వాళ్లే చెప్పినారు: లైసెన్సు లేకపోతే సెలవుల్లో వచ్చినప్పుడు ఇక్కడ చేయిస్తాం, తీసుకుపోయి మార్చుకో అని. నమ్మొద్దు. జర్మనీలో నివాసం ఉన్న కాలంలో ఇక్కడ తీసుకున్న లైసెన్సు అక్కడ చెల్లదు. పోకముందు ఉన్నదే లెక్క. కార్డు మీద ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉండి పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటే, ఆ సవరణ కూడా విమానం ఎక్కకముందే చేయించుకోండి. గడువు దగ్గర పడి ఉంటే రెన్యువల్ కూడా.

బ్రిటన్‌కు పోయేవాళ్లకూ ఇదే కార్డు అంటగడుతున్నారు. అక్కడ 12 నెలలు మన లైసెన్సుతో నడపొచ్చు, తర్వాత నేర్చుకునేవాళ్లకు ఇచ్చే ప్రొవిజనల్ లైసెన్సు తీసుకుని రెండు పరీక్షలూ రాయాల్సిందే. రాయచోటి, రాజంపేట నుంచి కువైట్‌కు హౌస్ డ్రైవర్‌గా పోయే అన్నలూ, అకామా (అక్కడ ఉండే అనుమతి) పడినాక కువైట్ లైసెన్సు పరీక్ష పెట్టి తీసుకోవాల్సిందే. ఆ మెరిసే కార్డు కఫీల్ (పనిలో పెట్టుకున్న యజమాని) చేతిలో పెట్టి లాభం లేదు.

ఇప్పటికే కట్టేసినవాళ్లు ఉంటే రసీదు, ఫోన్‌పే స్క్రీన్‌షాట్, వాట్సాప్ మాటలు తీసి పెట్టుకోండి, వాళ్ల వాయిస్ మెసేజీలు చెరిపేయొద్దు. 1915కు ఫోన్ చేస్తే వినియోగదారుల ఫిర్యాదు తీసుకుంటారు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల లోపు దానికి ఫీజు లేదు, రెండేళ్ల లోపు వేయాలి. నేను 3,000 కట్టను. సోమవారం స్టేషన్‌లో ఒరిజినల్ గురించి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇస్తున్నాను. ఇదే ఆఫీసులో కార్డు చిక్కుకున్నవాళ్లు ఉంటే చెప్పండి, కలిసి పోదాం.