మూడు ముక్కల రాగి కళ్లెం: కొన్నేళ్లు వాడాక

పందేల నుంచి తప్పుకున్న మా థరోబ్రెడ్ (పందెపు జాతి) గుర్రానికి ఈ కళ్లెం వేయడం మొదలుపెట్టి కొన్నేళ్లయింది. రాగి మిశ్రమంతో చేసిన వదులు రింగుల స్నాఫిల్ ఇది. అంటే పగ్గాలు కట్టే రింగులు కడ్డీ చివర్లలో స్వేచ్ఛగా తిరుగుతాయి, పగ్గం లాగితే ఆ బలం నేరుగా నోటికే అందుతుంది. నోట్లో ఉండే కడ్డీ మూడు ముక్కలుగా ఉంటుంది, నడిమిది చిక్కుడు గింజంత గుండ్రటి ముక్క. అంతకుముందు వాడింది ఒకే కీలున్న స్టీలు కడ్డీ. రెండు పగ్గాలూ ఒక్కసారి బిగిస్తే అది మధ్యలో మడతపడి నాలుకనూ దవడనూ రెండు వైపుల నుంచి నొక్కుతుంది. అంగిలి లోతు తక్కువగా ఉంటే మడత కొస పైకి కూడా తగులుతుంది. మా గుర్రానిది అలాంటి నోరే. పగ్గం అందుకుంటే చాలు, తల ఎగరేసేది, నోరు తెరిచేది.

ఇలాంటి గుర్రాన్ని మొండిదని ముద్రవేసి ఇంకా కఠినమైన కళ్లెం వెతికే అలవాటు చూస్తే నాకు మహా కోపం. పందెపు గుర్రం కళ్లెం మీద బరువు వేసి పరుగెత్తడానికి అలవాటుపడి ఉంటుంది. ఆ అలవాటును ఓపికగా మాన్పించాలి తప్ప నొప్పితో కాదు. పెళ్లి ఊరేగింపు గుర్రాల నోట్లో ముళ్ల కళ్లేలు ఇప్పటికీ కనిపిస్తున్నాయి. బండి లాగే, బరువులు మోసే జంతువుల కోసం 1965లో వచ్చిన కేంద్ర నిబంధనలే ముళ్లున్న కళ్లేన్ని నిషేధించాయి.

కొత్త కళ్లెంతో మొదట తల ఎగరేయడం తగ్గింది. ఆ తర్వాత దవడ సడలిందనడానికి గుర్తుగా కడ్డీని నెమ్మదిగా నమలడం, పెదవుల అంచున పలచని నురగ కనిపించాయి. అసలు తేడా మలుపుల్లో తెలిసింది. ఒక పగ్గం కదిపితే ఆ వైపు ముక్కే కదులుతుంది కాబట్టి ఎటు తిరగమంటున్నామో గుర్రానికి స్పష్టంగా అందుతుంది.

లావుపాటి కడ్డీ అయితే హాయిగా ఉంటుందన్న నమ్మకాన్ని మాత్రం నేను ఒప్పుకోను. అంతర్జాతీయ డ్రెస్సేజ్ (గుర్రాన్ని సున్నితమైన సైగలతో నడిపించే పోటీ) నిబంధనల ప్రకారం గుర్రాలకు వాడే స్నాఫిల్ మందం కనీసం 14 మిల్లీమీటర్లు ఉండాలి. సన్నటి కడ్డీ కోసుకుపోతుంది, కాబట్టి ఆ హద్దు సబబే. కానీ నాలుకే నోరంతా నిండి ఉన్న గుర్రానికి 20 మిల్లీమీటర్ల కడ్డీ పెడితే పాపం అది నోరు మూసుకునేదెలా?

అందుకే కొనేముందు నోరు చూడండి. పెదవి మూల నుంచి బొటనవేలు లోపలికి పెడితే ముందు పళ్లకూ దవడ పళ్లకూ మధ్య పళ్లు లేని ఖాళీ తగులుతుంది. కింది దవడ మీద అక్కడ పలచని చర్మమే ఉంటుంది. వేలితో నిమిరితే ఎముక అంచు తెలిసిపోతుంది. కళ్లెం ఆనేది నాలుకతో పాటు ఆ అంచు మీదే. మొదటి దవడ పన్నుకు ముందు చిన్న అదనపు పన్ను కనిపిస్తే కళ్లెం సంగతి తర్వాత, ముందు పశువైద్యుడికి చూపించాలి. వెడల్పు విషయానికొస్తే, కడ్డీ నోట్లో కుదురుకున్నాక రింగుకూ పెదవికీ మధ్య ఒక్కో వైపు అర సెంటీమీటరు ఖాళీ ఉంటే చాలు. మా గుర్రానికి 135 మిల్లీమీటర్లది సరిపోయింది. అదే లాయంలో ఉన్న మార్వాడీ జాతి గుర్రానికి అది చాలా వెడల్పు. అలా ఎక్కువైతే కడ్డీ పక్కకు జారి, కీలు సరిగ్గా ఆ ఎముక మీదికే వస్తుంది.

ఈ కళ్లేనికి లోపాలు లేకపోలేదు. వదులు రింగు తిరిగేటప్పుడు పెదవి మూలను పట్టేస్తుంది. రెండు వైపులా రబ్బరు బిళ్లలు తొడిగితే ఆ బాధ తప్పింది. అంతకన్నా పెద్ద లోపం అరుగుదల. ఈ రాగి మిశ్రమం స్టీలు కన్నా మెత్తన. కీళ్ల రంధ్రాలు సాగి, అంచులు పదునెక్కుతాయి. పైకి నునుపుగా మెరుస్తున్నా కడిగిన ప్రతిసారీ కీలు వంచి వేలితో తడిమి చూడాలి. మాది అలా అరిగిన రోజునే పక్కన పెట్టేశాం. దాని స్థానంలో అదే కొలతలో, అదే గుండ్రటి నడిమి ముక్కతో స్టీలుది కొన్నాం. గుర్రం దాన్నీ ఇబ్బంది లేకుండా ఒప్పుకుంది, ధర కూడా తక్కువే. కాబట్టి రాగిదే కావాలని పట్టుబట్టకండి.