పోషణ్ ట్రాకర్ రివ్యూ: గుడ్ల లెక్క తేలుతుంది, చదువు లెక్క తేలదు

2021 మార్చి నుంచి అంగన్‌వాడీల్లో వాడుతున్న కేంద్ర ప్రభుత్వ యాప్ పోషణ్ ట్రాకర్‌ను తూకాల పుస్తకంగా చూస్తే మంచి మార్కులే పడతాయి. నగరంలో మూడు నుంచి ఆరేళ్ల పిల్లల చదువు దీంతో బాగుపడుతుందా అంటే మాత్రం సందేహమే. ఈ రివ్యూ ముఖ్యంగా హైదరాబాద్ బస్తీల్లో అద్దె గదుల్లో నడిచే కేంద్రాల గురించి.

ముందు బాగున్నవి. యాప్ తెలుగులో ఉంది. ఎత్తు, బరువు ఎక్కిస్తే చాలు, వయసుకు తగ్గ ఎత్తుందా, ఎత్తుకు తగ్గ బరువుందా అన్నది అదే తేల్చేస్తుంది. చార్టు మీద చుక్కలు పెట్టి గీత కలిపే బాధ తప్పింది. ఇల్లు మారిన కుటుంబం పిల్లల వివరాలను కొత్త కేంద్రానికి మార్చుకోవచ్చు. ఏడాదికో అద్దె ఇల్లు మారే చోట ఇది చిన్న సదుపాయం కాదు.

అయితే ఎక్కించే అంకె సరైనదై ఉండాలి. రెండేళ్లలోపు బిడ్డను పడుకోబెట్టి కొలవాలి, రెండేళ్లు దాటాక నిలబెట్టి కొలవాలి. ఒకే బిడ్డను రెండు రకాలుగా కొలిస్తే సుమారు 0.7 సెం.మీ. తేడా వస్తుంది. పిలక, చెప్పులు మరికొంత కలుపుతాయి. బరువులన్నీ 12.0, 12.5 అంటూ సున్నాతోనో అయిదుతోనో ముగుస్తుంటే ఆ నెల తూకం యంత్రం బీరువాలోంచి బయటికి రాలేదని అనుమానించాల్సిందే. పోయిన నెల కంటే ఎత్తు ‘తగ్గిన’ పేర్లు, జనవరి 1నే పుట్టిన పిల్లల పేర్లు విడిగా తీసి చూడండి. పుట్టిన తేదీ తప్పయితే వయసు మీద ఆధారపడే ఫలితాలన్నీ తప్పే.

ఇక చదువు దగ్గరికొస్తే, యాప్ నుంచి మన చేతికొచ్చేది ప్రధానంగా హాజరు. సెక్టార్ మీటింగుల్లో, అంటే కొన్ని కేంద్రాల టీచర్లతో సూపర్‌వైజర్ జరిపే సమావేశాల్లో, చదివే హాజరు శాతం ఎంత మోసం చేస్తుందో చూడండి. కేంద్రంలో 20 మంది పిల్లలు, నెలకు 25 పనిదినాలు అనుకుందాం. మొత్తం 500 హాజరుల్లో 300 పడితే 60 శాతం. ఇరవై మందీ తలా 15 రోజులు వచ్చినా 60 శాతమే, పది మంది రోజూ వచ్చి మిగతా పది మంది అయిదేసి రోజులే కనిపించినా 60 శాతమే. మొదటి కేంద్రంలో చూడాల్సింది వేళలూ సెలవులూ. రెండోదాంట్లో ఆ పది ఇళ్లకూ వెళ్లి రావాలి. అందుకే సూపర్‌వైజర్ సగటును పక్కనపెట్టి, ఒక్కో బిడ్డ ఎన్ని రోజులు వచ్చిందో వరుస పెట్టుకోవాలి. ప్రైవేటు నర్సరీలో చేరిపోయినా పేరు ఇక్కడే ఉన్నవాళ్లను ముందే వేరు చేయాలి.

అసలు మెలిక మరోటి ఉంది. భోజనం, గుడ్ల లెక్క హాజరుతో ముడిపడి ఉంటుంది. ఏ అంకె మీద సరుకు ఆధారపడితే ఆ అంకె సరుకు వైపే వంగుతుంది. టీచర్‌ను తప్పుపట్టి లాభం లేదు, పద్ధతే అలా ఉంది. పైగా తెలంగాణలో పోషణ, ఆరోగ్య వివరాలు ఎక్కించే రాష్ట్ర యాప్ ఎన్‌హెచ్‌టీఎస్ వేరే ఉంది. 2025 జూలై నుంచి ఇంటికిచ్చే రేషన్‌కు ముఖ గుర్తింపు తప్పనిసరి. నెట్‌వర్క్ అందని సందులో టీచర్ ఫోను పైకెత్తి నిలబడ్డంతసేపు పిల్లలు చాప మీద చేతులు కట్టుకుని కూర్చుంటారు. టీచర్‌కు ఓటర్ల జాబితా పని పడిన రోజు పాఠం ఎంత నడిచిందన్నది ఏ తెర మీదా కనిపించదు.

తరగతి నాణ్యతను కొలవాలంటే తరగతిలో కూర్చోవాలి. న్యూయార్క్ నగరం ప్రీ-కే (బడికి ముందు చదువు) కేంద్రాలకు ‘ఈసీఈఆర్ఎస్’, ‘క్లాస్’ అనే పరిశీలన కొలతలను వాడింది. రెండింట్లోనూ మార్కులు 1 నుంచి 7 వరకు. క్లాస్‌లో 20 నిమిషాలు చూసి, 10 నిమిషాలు మార్కులు వేసి, మళ్లీ చూస్తారు. ఇలా నాలుగు విడతలు. పరిశీలకుడికి అర్హత పరీక్ష ఉంటుంది, అతని మార్కుల్లో కనీసం 80 శాతం ప్రామాణిక మార్కులకు ఒక పాయింటు అటూ ఇటూలో ఉండాలి. మన సూపర్‌వైజర్లకు అంత తీరిక ఎక్కడిది!

అందుకని ఒక్క కాగితం చాలు. చెప్పకుండా వెళ్లి 20 నిమిషాలు ఓ మూల కూర్చుని నాలుగే రాయండి: అవును, కాదు అనే జవాబుతో ఆగిపోని ప్రశ్నలు టీచర్ ఎన్ని అడిగారు, ఎంతమంది పిల్లలు నోరు విప్పారు, పిల్లలు ఊరికే ఎన్ని నిమిషాలు కూర్చున్నారు, ఆటవస్తువులు చేతికందే చోట ఉన్నాయా లేక తాళం వేసిన బీరువాలో ఉన్నాయా. అందరూ కలిసి పాడే రైమ్‌ను రెండో లెక్కలో కలపకండి, అతిథి వస్తే మొదలయ్యేది అదే. తొలి నెల ఒకే తరగతిని ఇద్దరు విడివిడిగా చూసి అంకెలు పోల్చుకోవాలి. ప్రశ్నలు ఒకరికి 4, ఇంకొకరికి 11 వస్తే తప్పు తరగతిది కాదు, చూసినవాళ్లు ప్రశ్నంటే ఏమిటో ముందు మాట్లాడుకోవాలి.

2024లో వచ్చిన ‘ఆధార్‌శిల’ పాఠ్యప్రణాళికలో వారానికి అయిదు రోజులు కొత్త పనులు, ఆరో రోజు పునశ్చరణ. ఈ కాగితాన్ని ఆ ఆరో రోజుకు ముందే టీచర్ చేతిలో పెట్టాలి. నెలాఖరు దాకా ఆగితే ఆ వారం గుర్తుండదు. కేంద్రాలకు ర్యాంకులు మాత్రం వేయొద్దు. వేశారో, ప్రశ్నల లెక్క కూడా గుడ్ల లెక్కలాగే నిండుతుంది.