పరలోక నిరీక్షణ: ప్రభువు సన్నిధికి చేరడం, క్రొత్త భూమికై ఎదురుచూడడం

గోదావరి డెల్టాలోని క్రైస్తవ సంఘాలలో పరలోక నిరీక్షణను రెండు విధాలుగా బోధించడం వింటాం. మరణించిన విశ్వాసి క్రీస్తు సన్నిధికి చేరతాడన్నది మొదటిది. బైబిలులో అపొస్తలుడైన పౌలు ఫిలిప్పీయులకు వ్రాసిన పత్రిక 1:23 దీనికి ఆధారం. బిడ్డను సమాధి చేసిన తల్లికి ఇంతకు మించిన ఓదార్పు నాకు తెలియదు.

రెండవది రోమా 8, ప్రకటన 21 అధ్యాయాలు చెప్పేది: దేవుడు మృతులను లేపి, ఇప్పుడు మూలుగుతున్న సృష్టిని సైతం నాశనపు దాస్యం నుండి విడిపించి, మనుష్యులతో నివసిస్తాడు, వారి కన్నీటిని తానే తుడుస్తాడు. 1996 నవంబరు 6 నాటి తుఫానులో అయినవారితో పాటు తరాలుగా పెంచుకున్న కొబ్బరితోటనూ పోగొట్టుకున్న కోనసీమ రైతుకు, వరద నీటిలో వరిచేను మునిగినా కౌలు చెల్లించక తప్పని కౌలుదారుకు, ఈ బోధ మరింత దగ్గరగా వస్తుంది. వారి దుఃఖంలో నేల కూడా ఉంది గనుక.

ఫిలిప్పీ పత్రికనూ రోమా పత్రికనూ వ్రాసినవాడు పౌలే, కాబట్టి ఈ రెండు బోధలలో ఒకదాన్ని వదులుకోనక్కరలేదు. అయినా మొదటిదాన్ని మాత్రమే బోధిస్తే, పొరుగువాని ఆకలి, కూలివాని అన్యాయం త్వరలో గతించిపోయే సంగతులుగా కనబడే ప్రమాదం ఉంది. అందుచేత మరణశయ్య దగ్గర మొదటిదాన్ని, ఆదివారపు ప్రసంగంలో రెండవదాన్ని ముందుంచడం మేలని నా అభిప్రాయం.