గుర్జీఫ్ నాలుగో మార్గం: పనికొచ్చేదెంత, పక్కన పెట్టాల్సిందెంత

ముందు ఒక గడియారం తీసుకోండి. సెకన్ల ముల్లు ఉన్నదే కావాలి, ఫోన్లో అంకెలు మారేది కాదు. ముల్లును చూస్తూ, అదే సమయంలో "ఇక్కడ ఉన్నాను, చూస్తున్నది నేను" అన్న ఎరుకను వదలకుండా ఉండాలి. రెండు నిమిషాలు చాలు. ముల్లూ కనిపిస్తూ ఉండాలి, చూస్తున్న మనిషీ గుర్తుండాలి. మొదటి రోజు అర నిమిషం నిలిస్తే గొప్పే. కాసేపటికి ముల్లు మిగులుతుంది, చూసేవాడు మాయమవుతాడు. లేదంటే "నేనున్నాను, నేనున్నాను" అని లోపల జపం మొదలై, ముల్లు ఎటు పోయిందో తెలియదు. జారే క్షణం ఎవరికీ దొరకదు. జారిపోయిందన్న సంగతి తర్వాత తెలుస్తుంది. గుర్జీఫ్ అనే ఆధ్యాత్మిక గురువు దగ్గర నేర్చుకున్న ఉస్పెన్‌స్కీ తన ఉపన్యాసాల్లో చెప్పిన అభ్యాసం ఇది. గుర్జీఫ్ బోధించిన నాలుగో మార్గమంతా ఈ జారిపోవడం చుట్టూనే కట్టారు. దీని మంచిచెడ్డలు తూచాలనుకునేవాళ్లు పుస్తకం తెరిచేలోపు వారం రోజులు ఈ రెండు నిమిషాలు చేసి చూడడం మేలు.

ఇది ఎక్కడి నుంచి వచ్చిందో కాస్త. గుర్జీఫ్ ఇప్పటి ఆర్మేనియాలోని గ్యుమ్రీలో పుట్టాడు. తండ్రి గ్రీకు, తల్లి ఆర్మేనియన్. ఏ సంవత్సరంలో పుట్టాడన్న దాని మీద నేటికీ వాదనే. 1915లో మాస్కోలో రష్యన్ రచయిత ఉస్పెన్‌స్కీ ఆయన్ని కలిశాడు. అంతకు కొంచెం ముందే ఉస్పెన్‌స్కీ మన దేశం వచ్చి, మద్రాసులో అడయారు దివ్యజ్ఞాన సమాజం కూడా చూసి, వెతుకుతున్నది దొరక్క వెనక్కి పోయాడు. 1922లో గుర్జీఫ్ ఫ్రాన్సులో, ఫాంటెన్‌బ్లో దగ్గర ప్రియురే అనే పాత భవంతిలో సంస్థ పెట్టాడు. 1949 అక్టోబరులో కన్నుమూశాడు. మన పాఠకుల్లో చాలామందికి ఆయన ఓషో ప్రసంగాల ద్వారానే పరిచయం. అక్కడ కథలు ఎక్కువ, రోజువారీ సాధన తక్కువ. అందుకే ఆ పరిచయంతో వచ్చేవాళ్లు ఇక్కడి పొడిదనం చూసి నిరాశపడతారు.

మార్గం పేరులోనే దాని ప్రతిపాదన ఉంది. ఫకీరు శరీరాన్ని పట్టుకుంటాడు, సన్యాసి భక్తిని, యోగి బుద్ధిని. ముగ్గురూ మామూలు బతుకు వదిలి పోవాల్సిందే. నాలుగో మార్గంలో ఇల్లు, ఆఫీసు, పిల్లల ఫీజులు అన్నీ ఉన్నచోటే ఉంటాయి, మూడింటి మీదా ఒకేసారి పని జరుగుతుంది. ఎందుకు పని చేయాలంటే, మనిషి నిద్రలో నడుస్తున్నాడనీ, అతనిలో ఒక 'నేను' లేదు, వందల 'నేను'లు ఉన్నాయనీ గుర్జీఫ్ అంటాడు. ఒక 'నేను' కాగితం మీద సంతకం పెడుతుంది, ఆ అప్పు మిగతా 'నేను'లన్నీ ఏళ్ల తరబడి తీరుస్తాయి. తెలిసినవాడి చీటీకి హామీ ఉండి ఇరుక్కున్న ఇళ్లలో ఈ మాటను విడమరచి చెప్పక్కర్లేదు.

మొదట చెప్పిన గడియారం అభ్యాసంలో నిలుపుకునే ఎరుకకు ఈ పద్ధతిలో పేరు 'సెల్ఫ్ రిమెంబరింగ్'. ఆ మాటను ఆత్మస్మరణ అని తెలుగు చేస్తే దారి తప్పుతుంది. ఆత్మ అనగానే మనకు వేదాంతం గుర్తొస్తుంది, స్మరణ అనగానే నామజపం. ఇక్కడ రెండూ కావు. మన దగ్గరున్న వాటిలో దీన్ని అర్థం చేసుకోవడానికి బాగా పనికొచ్చేది అవధానం. అష్టావధానంలో నిషిద్ధాక్షరి, దత్తపది, సమస్య ఒకపక్క నడుస్తుంటాయి. మధ్యలో అప్రస్తుత ప్రసంగి కదుపుతుంటాడు, మోగిన గంటలెన్నో లెక్క చూసుకోవాలి, చివర్లో ధారణ అప్పజెప్పాలి. ధ్యాసను పంచడం సాధ్యమేననీ, సాధనతో వస్తుందనీ తెలుగువాళ్లకు ఎవరూ రుజువు చేయక్కర్లేదు. తేడా ఒక్కటే. అవధాని ధ్యాస ఎనిమిది వైపులకు పోయినా అన్నీ బయటికే పోతాయి. గుర్జీఫ్ అడిగేది రెండు మొనల బాణం: ఒక మొన ఎదుటి వస్తువు మీద, రెండోది చూస్తున్న మనిషి మీద. ఎనిమిదింటి కంటే ఈ రెండే కష్టమని చేసినవాళ్లకు తెలుస్తుంది. ఎందుకంటే రెండో మొనకు చప్పట్లు లేవు, పృచ్ఛకుడు లేడు, గుర్తుచేసేవాళ్లే లేరు.

అందుకని గుర్తుచేసే ఏర్పాట్లు చేసుకోవాలి. గుమ్మం దాటిన ప్రతిసారీ ఒక్కసారి పాదాల కింద నేలను తెలుసుకోవడం మామూలుగా ఇచ్చే పని. మూడు రోజులు బాగా నడుస్తుంది. నాలుగో రోజుకు గుమ్మం కూడా అలవాటులో కలిసిపోతుంది, అడుగు పడుతుంది గానీ మనిషి ఉండడు. అప్పుడు పని మార్చాలి: కుళాయి తిప్పేటప్పుడు, లేదా ఫోన్ మోగాక రెండో రింగు దాకా ఎత్తకుండా. ఎడమచేత్తో తినమనే అభ్యాసం పాశ్చాత్య గ్రూపుల్లో కనిపిస్తుంది. మన విస్తరి ముందు అది గొడవే తప్ప సాధన కాదు. పళ్లు తోమడం, తాళం తిప్పడం ఎడమచేత్తో చేస్తే అదే ఫలం.

స్వీయ పరిశీలన దీనికి జంట. మనలో జరిగేదాన్ని ముందు నాలుగు గంపల్లో వేయమంటారు: ఆలోచన, ఉద్వేగం, కదలిక, శరీరం తనంతట తాను చూసుకునే ఆకలి, నొప్పి, చలి లాంటివి. కోపం వచ్చిందనుకోండి. "నాకు కోపం" అని ఊరుకుంటే పరిశీలన కాదు. దవడ బిగిసింది, ఊపిరి పైపైన ఆడుతోంది, "వీడికెప్పుడూ ఇంతే" అన్న మాట లోపల మూడుసార్లు తిరిగింది. ఇదీ కావలసింది, ఫొటో తీసినట్టు. ఇక్కడ రెండు తప్పులు దాదాపు అందరూ చేస్తారు. మొదటిది విశ్లేషణ: చిన్నప్పుడు నాన్న తిట్టినందుకు ఇలా అయ్యానని కారణాల్లోకి దిగగానే పరిశీలన ఆగిపోతుంది, కథ మొదలవుతుంది. రెండోది, చూసీ చూడగానే మార్చేయాలని తొందరపడటం. ఒక అలవాటును బలవంతంగా పీకితే దాని జాగాలో, తెలియకుండా, మరొకటి వచ్చి కూర్చుంటుందని గుర్జీఫ్ హెచ్చరిక. సిగరెట్ మానినవాళ్ల ఇంట్లో అడిగితే చెబుతారు.

మన మాటకీ చేతకీ పొంతన లేనప్పుడు ఆ దెబ్బ తగలకుండా కాపాడేవాటిని ఆయన బఫర్లన్నాడు, రైలు పెట్టెల మధ్య ఉంటాయే, అవే. ఈ పద్ధతి మొత్తంలో ఇంత సూటిగా తగిలే మాట ఇంకోటి లేదు.

ప్రతికూల ఉద్వేగాలను వెళ్లగక్కకపోవడం అనే నియమం దగ్గర ఎక్కువమంది దెబ్బతింటారు. వెళ్లగక్కవద్దన్నారు గానీ లోపల తొక్కిపెట్టమనలేదు. కోపం అక్కడే ఉంటుంది. దాన్ని నాలుక మీదికి, ముఖం మీదికి రానివ్వకుండా ఒళ్లంతా గమనిస్తూ నిలబడాలి. తొక్కిపెట్టేవాడికి కోపం కనిపించదు, తలనొప్పి కనిపిస్తుంది. పెద్ద గొడవలతో మొదలుపెడితే ఓడిపోతారు. ట్రాఫిక్‌లో హారన్, నెట్‌వర్క్ రాకపోవడం లాంటి చిన్న చిరాకులతో మొదలుపెట్టాలి. దీనికి అనుబంధంగా లోపల లెక్కలు రాసుకోవడం గురించి చెబుతారు, ఎవరు మనల్ని పట్టించుకున్నారు, ఎవరు పట్టించుకోలేదు అని. పెళ్లికి వెళ్లొచ్చి, శుభలేఖ ఇంటికొచ్చి ఇవ్వలేదనీ, భోజనాల దగ్గర ఎవరూ పలకరించలేదనీ నెల రోజులు మోయడం ఇదే. దానికి విరుగుడుగా బయటి లెక్క చేయమంటారు: ఎదుటివాడికి ఇప్పుడు ఏం కావాలి? ఆడపిల్ల తండ్రి పొద్దుటి నుంచీ నిలబడే ఉన్నాడు, అతనికి ఒక కుర్చీ కావాలి. ఇంత మామూలు విషయానికి రహస్య విద్య ఎందుకని అడగొచ్చు. మామూలు విషయమే మనకు చేతకావడం లేదన్నది ఈ పద్ధతి జవాబు. ఆ జవాబు న్యాయమైనదే.

పొద్దుటి కూర్చోవడం పది, పదిహేను నిమిషాలు, ఫోన్ చూడకముందు. వెన్ను నిటారుగా, కుర్చీలోనైనా సరే. కుడిచేయి భుజం నుంచి వేళ్ల కొనల దాకా లోపలి నుంచి తెలియాలి: బరువు, వెచ్చదనం, చిమచిమ. తర్వాత కుడికాలు, ఎడమకాలు, ఎడమచేయి. ఏమీ తెలియకపోతే తెలియలేదనే ఉండాలి. చాలామంది చేతిని తెలుసుకోవడానికి బదులు చేతి బొమ్మను ఊహించుకుంటారు. బొమ్మ కనపడుతుంటే తప్పు జరుగుతోందని గుర్తు. విపశ్యన ధ్యానం చేసినవాళ్లకు ఇది సులువుగా పట్టుబడుతుంది, కాకపోతే ఉద్దేశం వేరు. ఇక్కడ ఆ చేతి ఎరుకను కూర్చున్న చోటే వదిలేయకుండా, బస్సులో, వంటింట్లో మళ్లీ అందుకోవాలి.

మూవ్‌మెంట్స్ అనే నృత్యాభ్యాసాలు ఈ పద్ధతిలో అన్నిటికంటే విలువైనవి, అన్నిటికంటే దొరకనివి. వరసల్లో నిలబడి, పియానో లెక్కకు, కాళ్లకు ఒక తాళం, చేతులకు ఇంకొకటి, తలకు వేరొకటి. ఆబ్లిగేటరీలని పిలిచే ఆరింటితో మొదలవుతుంది. ధ్యాస ఒక్క క్షణం తప్పితే చేయి తప్పుతుంది, అబద్ధానికి చోటు లేదు. కూచిపూడి, భరతనాట్యం నేర్చినవాళ్లు తొందరగా అందుకుంటారు, తొందరగానే నష్టపోతారు కూడా. శరీరం నేర్చేసుకున్నాక ధ్యాస లేకుండానే నడిచిపోతుంది గనక. అభినయం అసలు ఉండకూడదు. వీడియో చూసి నేర్చుకోవడం కుదరదు. ఆకారం వస్తుంది, పని రాదు. గురువు "స్టాప్" అనగానే చూపుతో సహా ఉన్నచోట బిగిసిపోయే అభ్యాసం కూడా ఇంట్లో ఒంటరిగా చేసేది కాదు. ఆపేది తనే అయితే ఆశ్చర్యం ఉండదు. పొయ్యి దగ్గరా, మెట్ల మీదా అయితే ప్రమాదం.

ఇక సృష్టి లెక్కలు. మూడు శక్తుల నియమం, సప్తస్వరాల నియమం, 6 నుంచి 3072 దాకా రెట్టింపవుతూ పోయే 'హైడ్రోజన్'ల పట్టిక, భూమి మీది ప్రాణులు చంద్రుడికి ఆహారం అన్న మాట. ఇవి రసాయనశాస్త్రమూ కావు, ఖగోళశాస్త్రమూ కావు, పరీక్షించే దారీ లేదు. స్వరాల నియమంలో మాత్రం అనుభవానికి అందే ముక్క ఒకటుంది. ఏ పనైనా పాశ్చాత్య స్వరాల్లోని మి–ఫ దగ్గర, అంటే మొదటి ఊపు తగ్గేచోట, బయటి నుంచి ఒక నెట్టు లేకపోతే తెలియకుండానే దిశ మారుతుంది. మిగతాదంతా నమ్మకుండా పక్కన పెట్టినా అభ్యాసాలకు నష్టం లేదు. ఎనియాగ్రామ్, అంటే వృత్తం మీద తొమ్మిది బిందువులను గీతలతో కలిపిన బొమ్మ, గురించి ఒక మాట. కంపెనీ ట్రైనింగుల్లో చెప్పే తొమ్మిది రకాల మనుషుల లెక్క గుర్జీఫ్‌ది కాదు. ఆస్కర్ ఇచాజో, క్లాడియో నరాంహో తర్వాత కట్టింది. గుర్జీఫ్ ఇచ్చింది బొమ్మను, ఏడో వంతులోంచి వచ్చే 1-4-2-8-5-7 వరసతో కలిసే గీతలను. ఆయన దాన్ని మనుషుల రకాలకు వాడలేదు, జరిగే క్రమాలకు వాడాడు.

గ్రూపు సంగతి అసలు చిక్కు. మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి 1929లో తనకోసం కట్టిన సంస్థనే రద్దు చేసి, గురువూ పద్ధతీ వద్దన్నాడు. గుర్జీఫ్ సరిగ్గా దీనికి ఎదురు: నిద్రపోతున్నవాడు తనను తాను లేపుకోలేడు, పదిమంది కలిసి ఒకరినొకరు లేపాలి. గుర్జీఫ్ వాదనకు బలం ఉంది, మన గొంతు మనకు వినపడదు. కానీ "నువ్వు నిద్రలో ఉన్నావు" అన్న ఒక్క మాటతో ఎదుటివాడి ప్రతి అభ్యంతరాన్నీ కొట్టిపారేయొచ్చు. ఈ పద్ధతిలో అపాయం పుట్టేది అక్కడే. వారానికో సమావేశం, నెలకోసారి కలిసి వంట, వడ్రంగం లాంటి శారీరక శ్రమ, ఖర్చులకు తగ్గ చందా, ఇది ఆరోగ్యకరమైన గ్రూపు. జీతంలో వాటా అడిగినా, ఇంట్లోవాళ్లతో మాట్లాడొద్దన్నా, మానేసినవాళ్లను చచ్చినవాళ్ల కింద లెక్కకట్టినా వెంటనే బయటికి రావాలి. గుర్జీఫ్ తర్వాత ఆయన శిష్యురాలు జాన్ ద సల్జ్‌మన్ నిలబెట్టిన సంస్థలు పారిస్, న్యూయార్క్, లండన్‌లలో ఉన్నాయి. న్యూజెర్సీలోనో లండన్‌లోనో ఉన్న మనవాళ్లు మూవ్‌మెంట్స్ నేర్చుకోవాలంటే ముందు అడగాల్సింది అక్కడే.

చరిత్రలో మరకలు దాచక్కర్లేదు. క్షయతో ఉన్న రచయిత్రి కేథరిన్ మాన్స్‌ఫీల్డ్ ప్రియురేలో చేరి, 1923 జనవరిలో అక్కడే చనిపోయింది. ఆమె వచ్చేనాటికే జబ్బు ముదిరిపోయింది, ఆ చావును గుర్జీఫ్ మీద వేయడం అన్యాయం. ఇంతకంటే బరువైనది ఉస్పెన్‌స్కీ ముగింపు. పాతికేళ్లకు పైగా ఈ పద్ధతిని బోధించి, 1947లో చివరి సమావేశాల్లో దాన్ని వదిలేశానన్నట్టు ఆయన శిష్యులే రాసుకున్నారు. మాటలతో, పటాలతోనే నడిపితే ఎండిపోతుందనడానికి అది గుర్తుగా నిలుస్తుంది.

కుంగుబాటుకు మందులు వాడుతున్నవాళ్లు, తాము తాము కాదన్నట్టుగా, లోకం అబద్ధమన్నట్టుగా అనిపించేవాళ్లు వైద్యుణ్ణి అడక్కుండా దీని జోలికి పోకూడదు. నిరంతరం తనను తాను గమనించుకోవడం అలాంటివాళ్లకు పుండును గెలకడమే అవుతుంది.

మిగతావాళ్లు ఆరు వారాలు చూడొచ్చు: పొద్దున కూర్చోవడం, గడియారం రెండు నిమిషాలు, వారానికో గుర్తు, జేబులో చిన్న నోటుబుక్కు. ఆరు వారాల తర్వాత ఆ బుక్కు తిరగేయండి. "ఈరోజు బాగా ఎరుకతో ఉన్నాను" అని పేజీలు నిండితే పని మొదలే కాలేదు. "అన్నయ్యతో ఫోన్లో పొలం మాట రాగానే గొంతు పెరిగింది, కుడి భుజం పైకి లేచింది, పెట్టేశాక గానీ తెలియలేదు" లాంటి వాక్యాలు నాలుగున్నా, ఏడో వారం కొనసాగించవచ్చు.