‘మృదువైన రేజర్’ అన్న మాట నమ్మి పాత జెమ్ 1912 కొనేవారికి హెచ్చరిక

పాత కాలపు ఒంటి అంచు సేఫ్టీ రేజర్లు కొనాలనుకుంటున్న తెలుగువారికి, ముఖ్యంగా అమెరికాలో ఉంటూ ఆన్‌లైన్ వేలాల్లోనూ పాత సామాన్ల దుకాణాల్లోనూ వీటిని వెతుకుతున్నవారికి, అక్కడి బంధువుల చేత ఇండియాకు తెప్పించుకుంటున్నవారికి ఈ హెచ్చరిక రాస్తున్నాను. ‘చాలా మృదువుగా గీస్తుంది, కొత్తవారికి అనుకూలం’ అని ప్రకటనలో ఉన్నంత మాత్రాన ఆ రేజర్ మృదువుగా ఉంటుందని నమ్మకండి. రేజర్ తలలో బ్లేడు అంచును ఆపి ఉంచే రెండు చిన్న కొక్కేలు చెక్కుచెదరకుండా ఉన్నాయో లేదో ఫొటోలో చూడనిదే డబ్బు కట్టకండి.

హైదరాబాదులో ఉన్న మా బావమరిదికి మెడ మీద చర్మం చాలా సున్నితం. నాలుగైదు బ్లేడ్ల కార్ట్రిడ్జ్‌తో గీసుకున్న ప్రతిసారీ ఎర్రగా పొక్కి, లోపలికి పెరిగిన వెంట్రుకలు కురుపులవుతాయి. ఒక్క అంచు ఒక్కసారి మాత్రమే చర్మం మీద నడిచే రేజర్ అయితే అతనికి ఉపశమనంగా ఉంటుందని తలచి, మా అత్తగారు తిరిగి వెళ్ళేటప్పుడు ఆమె సామానులో పంపుదామని జెమ్ 1912 అనే పాత ఒంటి అంచు రేజర్ ఒకటి ఆన్‌లైన్‌లో కొన్నాను. నా దగ్గర అదే మోడల్ ఇంకొకటి చాలా కాలంగా ఉంది. దానితో నాకు ఎన్నడూ ఇబ్బంది కలగలేదు కాబట్టి, రెండోదీ అలాగే ఉంటుందని అనుకున్నాను. నా పొరపాటు అక్కడే జరిగింది.

వచ్చిన రేజర్ చూడటానికి అద్దంలా ఉంది. నికెల్ పూత ఎక్కడా లేవలేదు, పిడి మీది గళ్ళు స్పష్టంగా ఉన్నాయి, తల మీది మూత టక్కున పడుతోంది. పంపే ముందు ఒకసారి నేనే వాడి చూద్దామని కొత్త బ్లేడు వేసి, ఎడమ చెంప గీసుకున్నప్పుడు ఏ తేడా తెలియలేదు. ఈ రేజర్లు గీసేటప్పుడు వచ్చే గరగర శబ్దం కూడా మామూలుగానే వినిపించింది. కుడి దవడ ఎముక కిందికి వచ్చేసరికి శబ్దం మారి, చర్మాన్ని ఏదో పట్టి లాగినట్లయింది. నురుగు మీద ఎర్రటి గీత తేలింది. పటిక రాసినా పావుగంట దాకా రక్తం ఆగలేదు. ఒత్తిడి పెట్టలేదు, కోణం మార్చలేదు, ఎదురు గీయలేదు. మంగలి షాపులో ‘రివర్స్’ అంటారే, ఆ దఫా దాకా నేను పోనేలేదు.

ముఖం కడుక్కున్నాక రేజర్‌ను కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, బ్లేడు తీయకుండానే ముందు వైపు నుంచి వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూశాను. బ్లేడు అంచుకూ, దాని కింద చర్మానికి ఆనే లోహపు పట్టీకీ మధ్య కనిపించే వెలుగు గీత ఎడమ వైపు దారపు పోగులా సన్నగా ఉంది. కుడి వైపుకు వచ్చేకొద్దీ వెడల్పవుతూ పోయింది. బ్లేడు తీసి భూతద్దంతో చూస్తే అసలు సంగతి తెలిసింది. ఎడమ మూలన ఉన్న కొక్కెం చిన్న గోరులా నిటారుగా, అంచులు తీరి ఉంది. కుడి మూలది సగానికి పైగా అరిగిపోయి, మిగిలిన మొన బయటికి ఒరిగి ఉంది. దాని మీద సన్నటి అడ్డగీతలు కనిపించాయి కాబట్టి, ఎవరో ఎప్పుడో ఆకురాయి పెట్టి ఉంటారనుకుంటున్నాను. మెకానిక్కులు సందులు కొలిచే ఫీలర్ గేజ్‌తో చూస్తే రెండు వైపులకూ తేడా దాదాపు 0.2 మిల్లీమీటర్లు వచ్చింది.

అంత చిన్న తేడాకు చర్మం ఎందుకు తెగుతుందని మీకు అనిపించవచ్చు. ఈ రేజర్లలో పట్టే జెమ్ రకం బ్లేడు మందం 0.009 అంగుళం, అంటే సుమారు 0.23 మిల్లీమీటర్లు, మనం వాడే రెండంచుల బ్లేడు మందం సుమారు 0.10 మిల్లీమీటర్లే. అంటే కొక్కెం అరిగిన చోట అంచు ఇంచుమించు బ్లేడు మందమంత అదనంగా బయటికి వచ్చిందన్నమాట. రెండంచుల రేజర్‌లో పలుచటి బ్లేడును తల వంచి బిగించి పట్టుకుంటుంది. ఇందులో మాత్రం వీపు మీద లోహపు పట్టీ ఉన్న మందపు బ్లేడు వంగకుండా పలకలా కూర్చుంటుంది. వెనుక నుంచి స్ప్రింగు నెడుతుంటే, ముందు కొక్కేలు అడ్డుకుంటాయి. ఈ బిర్రుతనం వల్లే ఇవి ముదురు గడ్డాన్ని కూడా అదరకుండా తెంచుతాయి. అదే కారణంగా, బ్లేడు వంకరగా కూర్చుంటే ఆ వంకరంతా నేరుగా చర్మానికే తగులుతుంది.

‘మృదువు’, ‘కటువు’ అనే మాటలను అమ్మేవారు చాలా తేలికగా వాడేస్తున్నారు కాబట్టి వాటి గురించి కొంత వివరంగా చెప్పాలి. రేజర్ స్వభావాన్ని ప్రధానంగా రెండు విషయాలు నిర్ణయిస్తాయి. ఒకటి, అంచుకూ కింది పట్టీకీ మధ్య ఉన్న సందు. రెండోది, పై మూతనూ కింది పట్టీనీ కలుపుతూ గీత గీసినట్లు ఊహించుకుంటే, ఆ గీతను దాటి అంచు ఎంత బయటికి పొడుచుకువచ్చిందనేది. సందు ఎక్కువైతే నురుగూ చర్మమూ లోపలికి ఎక్కువగా వస్తాయి. పొడుపు ఎక్కువైతే మూతా పట్టీ కాపాడకముందే అంచు చర్మానికి తగులుతుంది. నా అనుభవంలో మంట పుట్టించేదీ గాట్లు పెట్టేదీ ఎక్కువగా ఈ రెండోదే. 1912 వంటి రేజర్లలో పొడుపు ఎంత ఉండాలో తేల్చేవి ఆ రెండు కొక్కేలే కాబట్టి, అవి అరిగిన రేజర్‌కు దాని మోడల్ పేరు మోసుకొచ్చిన మంచి పేరు వర్తించదు.

కొక్కేలు బాగున్న రేజర్లు నా ముఖం మీద ఎలా నడుస్తాయో చెబుతాను. మీ చర్మానికీ గడ్డానికీ కొంత తేడా ఉండవచ్చు. నా పాత జెమ్ 1912, ఎవర్-రెడీ 1924 రెండూ మృదువైనవే; రోజు విడిచి రోజు గీసుకున్నా చర్మం నిమ్మళంగా ఉంటుంది. ప్లాస్టిక్ పిడి ఉన్న ఫెదర్‌వెయిట్ కూడా దాదాపు ఆ కోవకే చెందుతుంది, కానీ బరువు తక్కువ కావడం వల్ల తెలియకుండానే చేయి ఒత్తిడి పెడుతుంది. 1940ల నాటి మైక్రోమాటిక్ క్లాగ్-ప్రూఫ్ వీటికన్నా ఒక మెట్టు పైన ఉంటుంది; నాకు అన్నిటికన్నా నచ్చినది అదే. 1930ల నాటి మైక్రోమాటిక్ ఓపెన్ కోంబ్, అంటే దువ్వెన పళ్ళలాంటి అంచు ఉన్నది, వీటన్నిటిలోకీ కటువైనది. మూడు నాలుగు రోజుల గడ్డాన్ని ఒక్క దఫాలో దించుతుంది గానీ, పరధ్యానంగా పట్టుకుంటే క్షమించదు. నేను కొన్న 1912లో ఎడమ సగం తన మోడల్‌కు తగినట్లే ఉండగా, కుడి సగం ఓపెన్ కోంబ్ కన్నా కటువుగా ఉంది. ఒకే రేజర్‌లో రెండు స్వభావాలు ఉండటమే దీనిలోని అసలు ప్రమాదం, ఎందుకంటే మొదటి చెంప గీసినప్పుడు కుదిరిన నమ్మకంతోనే చేయి రెండో చెంప మీదికి వెళుతుంది.

అమ్మకందారుకు ఫొటోలతో సహా మర్యాదగా రాశాను. ‘పాత వస్తువు, ఉన్నది ఉన్నట్లుగా అమ్మాను’ అని ఒక్క వాక్యం జవాబు వచ్చింది. డబ్బు తిరిగి రాలేదు. ప్రకటనను మళ్ళీ చదివితే, అందులో ఎనిమిది ఫొటోలున్నా తలను ముందు వైపు నుంచి బ్లేడుతో చూపించినది ఒక్కటీ లేదు. మెరుగు పెట్టిన పిడి, మూత మీది అక్షరాలు, పెట్టె, ఇవే పదేపదే ఉన్నాయి. పైన పటారం, లోన లొటారం అన్నట్లుంది. ‘నూట పదేళ్ళ నాటిది’ అని రాసినది కూడా నిలిచే మాట కాదు. 1912 అన్నది ఆ మోడల్ పేటెంటు సంవత్సరం. అమెరికన్ సేఫ్టీ రేజర్ కంపెనీ జెమ్, ఎవర్-రెడీ, స్టార్ పేర్లతో ఈ తరహా రేజర్లను ఆ తరువాత చాలా ఏళ్ళు చేసింది కాబట్టి, ఆ అంకెను చూసి ఎక్కువ ధర పెట్టనవసరం లేదు.

బ్లేడ్ల విషయంలోనూ మోసపోకండి. ఈ రేజర్‌తో పాటు ఉచితంగా ఒక చిన్న అట్టపెట్టెలో పది బ్లేడ్లు పంపారు. ఆకారం అచ్చంగా జెమ్ బ్లేడే, వీపు పట్టీ కూడా ఉంది. కానీ అవి గోడల మీద, అద్దాల మీద పెయింటు గీకడానికి హార్డ్‌వేర్ దుకాణాల్లో అమ్మే పూత లేని బ్లేడ్లు. నేను వాటిని ముఖానికి తగలనివ్వలేదు. గడ్డానికి వాడవలసినవి పీటీఎఫ్‌ఈ (టెఫ్లాన్) పూత ఉన్న స్టెయిన్‌లెస్ జెమ్ బ్లేడ్లు మాత్రమే. పెట్టె మీద ‘షేవింగ్’ కోసమని స్పష్టంగా రాసి ఉందో లేదో చూడండి. ఇండియాలో ఉన్నవారు రేజర్ కన్నా ముందు బ్లేడ్లు ఎక్కడి నుంచి వస్తాయో ఆలోచించాలి. మన కిరాణా కొట్టులో దొరికే రెండంచుల బ్లేడు ఇందులో కూర్చోదు. మంగలి షాపులో కత్తికి పెట్టినట్లు దాన్ని సగానికి విరిచి ఇందులో పెట్టే ప్రయత్నం దయచేసి చేయకండి. వీపు పట్టీ లేని ఆ పలుచటి ముక్కను స్ప్రింగు సరిగ్గా పట్టలేదు, గీస్తుండగా అది జారితే ముఖం చీరుకుపోతుంది. షిక్ ఇంజెక్టర్ బ్లేడ్లు కూడా ఒంటి అంచువే అయినా కొలత వేరు, అవీ పట్టవు. విమానంలో తెచ్చుకునేవారు బ్లేడ్లను చేతి సంచీలో కాకుండా చెక్-ఇన్ సామానులోనే పెట్టించాలి.

కొనే ముందు అమ్మకందారును మూడు ఫొటోలు అడగండి: మూత తెరిచి రెండు మూలల కొక్కేలు దగ్గరగా కనిపించేది, బ్లేడు వేసి మూత మూశాక ముందు వైపు నుంచి తీసినది, అదే స్థితిలో పక్క నుంచి తీసినది. రెండోదానిలో అంచుకూ పట్టీకీ మధ్య సందు ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకేలా ఉండాలి. బ్లేడు లేదంటే, కొక్కేల ఫొటో అయినా ఇమ్మనండి. అదీ ఇవ్వకపోతే ఆ రేజర్ ఎంత చవకైనా వదిలేయండి. దుకాణంలో చేత్తో పట్టుకుని చూసే వీలుంటే, జేబులో ఒక జెమ్ బ్లేడు పెట్టుకుని వెళ్ళి, వేసి, వెలుతురుకు పట్టి చూడండి. ఒరిగిన కొక్కేన్ని పట్టకారుతో నిలబెట్టవచ్చని కొందరు చెబుతారు. ఆ లోహం పాతది, ఒక్క వంపుకు విరిగిపోవచ్చు, పైగా అరిగిపోయిన భాగం తిరిగి రాదు.

బావమరిదికి చివరికి నా పాత 1912నే, పూత ఉన్న బ్లేడ్లతో కలిపి పంపాను. కొన్న రేజర్‌ను మళ్ళీ అమ్మకానికి పెట్టలేదు, ఎవరికీ ఇవ్వనూ లేదు. నా తరువాత ఎవరి చేతికైనా చిక్కితే తెలియాలని, ‘కుడి కొక్కెం అరిగింది, గీసుకోవద్దు’ అని చీటీ రాసి దాని పెట్టెలో, రేజర్ తలకు చుట్టి పెట్టాను.