కొండ వెన్నా, నడికొండా, వాగు ఒడ్డా: అడవి పరుగుకు ఏ బాట మేలు?

కొండలూ అడవులూ కలిసిన ప్రాంతంలో పరుగుకు బాట వెతికేవారు ముందుగా అడిగేది ఏ దారి అందంగా ఉంటుందనే. ఈ ప్రశ్నకు నడిచేవారికి చెప్పే జవాబు పరిగెత్తేవారికి సరిపోదు. గంటకు 10 కిలోమీటర్ల వేగంతో పరిగెత్తే మనిషి సెకనుకు దాదాపు 2.8 మీటర్లు, అంటే సుమారు మూడు అంగలు ముందుకు వెళ్తాడు. రాళ్లూ వేళ్లూ ఉన్న నేల మీద చూపు ఎప్పుడూ రెండు మూడు అంగల ముందున్న చోటును వెతుకుతూనే ఉంటుంది కనుక, ఒక్క సెకను తలెత్తి దూరపు కొండను చూసినా ఆ మూడు అంగలూ గుడ్డిగా వేసినట్టే. అందువల్ల బాట పక్కన ఎంత అందం ఉన్నదన్నది కాక, అటు తలెత్తి చూసే వెసులుబాటు నేల ఎంత ఇస్తుందన్నదే నా దృష్టిలో సరైన కొలత. కొండ వెన్ను మీద సాగే బాట, వాగు వెంట సాగే బాట, నడికొండన వాలును అంటిపెట్టుకుని సాగే బాట అనే మూడింటినీ ఆ కొలతతోనే పోలుస్తున్నాను.

చిత్రాల్లో కనిపించేది ఎక్కువగా కొండ వెన్నే. రెండు వైపులా లోయలు, ఆపైన విశాలమైన ఆకాశం. దీనికి సాటి వచ్చే దృశ్యం మిగతా రెండు బాటల్లోనూ లేదన్న మాట నిజం. తెల్లవారుజామున ఈ తేడా మరీ స్పష్టంగా తెలుస్తుంది. రాత్రి చల్లబడిన గాలి బరువెక్కి కిందికి జారి లోయల్లో నిలుస్తుంది కాబట్టి, లోయ మంచుతో నిండి ఉన్న వేళలో కొండ వెన్ను మీద ఎండ పడుతూ ఉంటుంది. అయితే ఆ వెన్ను సాధారణంగా రాతి నేల. పైగా అది సమంగా ఉండదు. ఒక గుట్ట దిగి ఇంకో గుట్ట ఎక్కుతూ సాగుతుంది. పటంలో ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతల (కాంటూరు రేఖల) మధ్య ఎత్తు తేడా 20 మీటర్లయితే, అంతకన్నా చిన్న గుట్టలు పటంలో కనిపించకుండానే పోవచ్చు. పటం చూసి సమతలమనుకున్న ఐదు కిలోమీటర్ల దారిలో కాళ్లు వందకు పైగా మీటర్లు ఎక్కి దిగడం అరుదేమీ కాదు. నీరు దొరకదు, నీడ తక్కువ, గాలి నేరుగా తగులుతుంది. సగటున ప్రతి 1000 మీటర్ల ఎత్తుకు ఉష్ణోగ్రత సుమారు 6.5 డిగ్రీల సెల్సియస్ తగ్గుతుంది కాబట్టి, 600 మీటర్లు ఎక్కి చెమటతో ఆగినవారికి ఆ నాలుగు డిగ్రీల తేడా, దానికి తోడైన గాలి, చిన్న విషయం కాదు.

వీటన్నిటినీ మించినది పిడుగు ప్రమాదం. మెరుపు కనిపించాక ఉరుము 30 సెకన్లలోపు వినిపిస్తే పిడుగు దాదాపు 10 కిలోమీటర్ల లోపలే పడిందని అర్థం. అప్పటికే కొండ వెన్ను దిగుతూ ఉండాలి, చివరి ఉరుము విన్న తరువాత కనీసం 30 నిమిషాల దాకా మళ్లీ పైకి ఎక్కకూడదు. మధ్యాహ్నం మేఘాలు కమ్మే కాలంలో ఈ బాట ఉదయపు పరుగుకు మాత్రమే పనికొస్తుంది.

వాగు బాట స్వభావం దీనికి విరుద్ధం. నీరు తన దారి తాను కోసుకుంటూ సాగేది కనుక దాని వెంట ఉన్న వాలు చాలాచోట్ల మెల్లనిది. నీడ, చల్లదనం, నీటి చప్పుడు ఉంటాయి. వేసవి పగటి వేళ ఇంతకన్నా హాయైన పరుగు ఉండదు. కానీ ఇక్కడి అందమంతా దగ్గరిది. చెట్ల మధ్య చూపు దూరం పోదు, నాచు పట్టిన రాళ్లు, తడిసిన వేళ్లు ఆ దగ్గరి చూపును కూడా నేలకే కట్టేస్తాయి. మెత్తని మట్టి మీద గట్టిగా పట్టుకునే, అడుగున లోతైన పళ్లున్న బూట్లు కూడా నాచురాయి మీద జారతాయి, కాబట్టి ఖరీదైన బూట్లను నమ్ముకుని వేగం పెంచడం తెలివితక్కువ పని. ఇరుకు లోయలో, దట్టమైన కొమ్మల కింద ఉపగ్రహ సంకేతాలు సరిగా అందక చేతి గడియారం చూపే దూరం తప్పుతుందన్నది కూడా గుర్తుంచుకోవాలి. నీటి చప్పుడు మిగతా చప్పుళ్లను మింగేస్తుంది. ఉదయం, సాయంత్రం జంతువులు నీటికి వచ్చే వేళల్లో ఇది హాయి కన్నా ఇబ్బందే. అన్నిటికన్నా ముఖ్యమైనది, తలపైన ఆకాశం నిర్మలంగా ఉన్నా ఎగువన కురిసిన వానకు వాగు పొంగవచ్చు. మోకాలి లోతు లేని ప్రవాహం కూడా వేగంగా ఉంటే పెద్దవారిని పడదోయగలదు. తిరుగు దారిలో అదే వాగును మళ్లీ దాటవలసి ఉంటే వానకాలంలో ఆ బాటను వదిలేయడమే నయం.

నడికొండ బాట గురించి ఎవరూ గొప్పగా చెప్పరు. ఒకే ఎత్తును దాదాపు అంటిపెట్టుకుని కొండ చుట్టూ తిరిగే ఈ దారికి శిఖరమూ లేదు, జలపాతమూ లేదు. కానీ దీని మీద పరిగెత్తి చూస్తే ఒక లయ తెలుస్తుంది. కొండ ముందుకు పొడుచుకు వచ్చిన ప్రతి ముక్కు దగ్గర బాట బయటికి తిరుగుతుంది, చెట్లు పలచబడతాయి, నేల పొడిగా ఉంటుంది, లోయ అంతా ఒక్కసారిగా తెరుచుకుంటుంది. రెండు ముక్కుల మధ్య ఉన్న మడతలోకి వెళ్లగానే నీడ చిక్కబడుతుంది, సన్నని నీటిపాయ అడ్డు వస్తుంది, రాళ్లు తడిగా ఉంటాయి. తలెత్తవలసిన చోటు ఏదో, తల వంచవలసిన చోటు ఏదో బాటే ముందుగా చెబుతుంది కాబట్టి, మూడు నాలుగు మలుపుల తరువాత చూపూ అడుగూ ఒకదానికొకటి అలవాటు పడతాయి. పైన చెప్పిన కొలత ప్రకారం మూడింటిలో ఎక్కువ అందాన్ని నిజంగా కంటికి అందించేది ఈ బాటే. లోపాలు లేకపోలేదు: నేల ఒక పక్కకు వాలి ఉండటంతో ఒకే చీలమండ మీద భారం పడుతూ ఉంటుంది, పెద్ద వానల తరువాత మట్టి జారి బాట తెగిపోవచ్చు. ఉత్తరార్ధగోళంలో దక్షిణం వైపు వాలుకు ఎండ ఎక్కువ కనుక అది త్వరగా ఆరుతుంది. చలికాలంలో ఆ వైపు, వేసవిలో ఉత్తరం వైపు ఎంచుకోవడం మంచిది.

అడవిలోని జీపు దారులను ఈ పోలికలో చేర్చలేదు. అవి తలెత్తి పరిగెత్తడానికి హాయిగానే ఉంటాయి, కాకపోతే కాసేపటికి విసుగు పుడుతుంది.

దూరాన్ని బట్టి మాత్రమే బాటలను పోల్చడం పెద్ద పొరపాటు. కొండ, అడవి బాటల మీద జరిగే ట్రెయిల్ పరుగు పందేలలో ప్రతి 100 మీటర్ల ఎక్కుడును ఒక కిలోమీటరుగా లెక్కించి దూరానికి కలిపే పద్ధతి ఉంది. దాని ప్రకారం 700 మీటర్లు ఎక్కే 12 కిలోమీటర్ల వెన్ను బాట 19 కిలోమీటర్లకు సమానం. 250 మీటర్లు మాత్రమే ఎక్కే 16 కిలోమీటర్ల నడికొండ బాట 18.5 కిలోమీటర్లకు సమానం. శ్రమ దాదాపు ఒకటే అయినా, రెండో దారిలో పరిగెత్తుతూ గడిపే సమయం ఎక్కువ, చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని ఎక్కే సమయం తక్కువ.

ఈ లెక్కలో దిగుడు రాదు, అసలు దెబ్బ తగిలేది మాత్రం అక్కడే. దిగేటప్పుడు తొడ ముందరి కండరాలు సాగుతూనే బరువును ఆపవలసి వస్తుంది. ఊపిరికి తేలికగా అనిపించే ఆ పని కండరపు పోగులను దెబ్బతీస్తుంది, నొప్పి ఒకటి రెండు రోజుల తరువాత బయటపడుతుంది. బయలుదేరిన చోటికే చుట్టి వచ్చే దారి అయితే నిటారు వైపు నుంచి ఎక్కి మెల్లని వాలు వైపు దిగాలి. బయలుదేరే చోటు కొండపైనే ఉంటే వాగు బాట మీద ముందు దిగుడు, చివర ఎక్కుడు వస్తాయి. వెళ్లేటప్పుడు ఉల్లాసంగా చాలా దూరం దిగిపోయి, తిరిగి వచ్చేటప్పుడు చీకటి పడేదాకా ఎక్కుతూ ఉండేవారు ఈ క్రమాన్ని లెక్కలోకి తీసుకోనివారే. అలాంటి చోట చేతిలో ఉన్న సమయంలో మూడో వంతు గడవగానే వెనక్కి తిరగాలి.

ప్రాంతం కొత్తదై, ఒక్కరోజే వీలుంటే నేను ఎంచుకునేది నడికొండ బాటనే. మరో రోజు దొరికి, ఆకాశం నిర్మలంగా ఉంటే తెల్లవారకముందే బయలుదేరి కొండ వెన్ను ఎక్కుతాను, అక్కడ మాత్రం పరుగు ఆపి నిలబడి చూస్తాను. వాగు బాటను ఎండలు ముదిరే నెలలకు ఉంచుకుంటాను.